మొహమాటమే పిడి: మానిప్యులేషన్ ఎలా పనిచేస్తుంది, నిజం చెప్పడానికీ దానికీ ఉన్న ముడి ఏమిటి

"చిన్న సంతకమే కదా." "నీ మీద నమ్మకంతోనే అడుగుతున్నా." "ఈ ఒక్కసారికి." "ఎవరికీ చెప్పొద్దు, నీకు మాత్రమే చెబుతున్నా." విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. అడిగినవాడికి నిజంగానే నమ్మకం ఉండొచ్చు, సంతకం రెండు నిమిషాల పనే కావచ్చు. అయినా ఫోన్ పెట్టేశాక విన్నవాడికి లోపల ఏదో చేదుగా ఉంటుంది. వద్దనుకున్న పనికి సరే అనేశాడు. ఎందుకన్నాడో తనకే అంతుపట్టదు.

దీన్నంతటినీ ఈ మధ్య మానిప్యులేషన్ అనే ఒక్క మాటలో చుట్టేస్తున్నాం. మేనేజరు పని ఎక్కువ చెప్పినా మానిప్యులేషనే, ఇంట్లోవాళ్లు అలిగినా మానిప్యులేషనే, యాప్‌లో "ఇంకా రెండే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలు కనిపించినా అదే. మాట ఇంత వదులైతే, అసలైనది ఎదురైనప్పుడు గుర్తుపట్టలేం. కాబట్టి మాటతోనే మొదలుపెట్టాలి.

ఒప్పించడం, బెదిరించడం, మోసగించడం, ఆడించడం

తెలుగులో మానిప్యులేషన్‌కు సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదు. దాని చుట్టూ మాత్రం బోలెడు నుడికారం ఉంది: ములగచెట్టు ఎక్కించడం, బుట్టలో వేసుకోవడం, తన చుట్టూ తిప్పుకోవడం, కీ ఇచ్చి ఆడించడం. పేరు పెట్టకపోయినా మన పెద్దలు సంగతిని బాగానే కనిపెట్టారు.

ఒప్పించేవాడు ఒక కారణం చూపిస్తాడు. ఆ కారణం తప్పని తేలితే మన ఒప్పుదల కూడా పోతుంది. బెదిరించేవాడు చేయకపోతే ఏం జరుగుతుందో చెబుతాడు. అందులో దాపరికం లేదు, అన్యాయం ఉంది. మోసగాడు లేనిది ఉన్నట్టు చెబుతాడు. ఈ ముగ్గురి దగ్గరా చేతికి దొరికేది ఒకటుంటుంది: కారణం, శిక్ష, అబద్ధం. మానిప్యులేట్ చేసేవాడి దగ్గర అలాంటిదేమీ దొరకదు. అతను పని చేయించేది మనలోని ఒక భావంతో. సిగ్గు, జాలి, భయం, పొగడ్త మీద మోజు, రుణపడి ఉన్నామన్న బరువు, ఏదో చేజారిపోతుందన్న ఆత్రం. ఆ భావం ఎదుట ఉన్న విషయానికి తగినంతే ఉందా, లేక పనికోసం పెంచారా అన్నది అసలు ప్రశ్న.

రోడ్డు మీదికి పరిగెత్తే పిల్లాడికి బళ్లంటే భయం కలిగించడం మానిప్యులేషన్ కాదు. ఆ భయం అక్కడ ఉండాల్సిందే. అదే పిల్లాడితో "నువ్విలా చేస్తే అమ్మకు జబ్బు చేస్తుంది" అంటే, ఆ భయానికీ రోడ్డుకూ సంబంధం లేదు.

గీత ఎక్కడ గీయాలి

దీని మీద తత్వవేత్తలు కొన్ని దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు, తేలలేదు. దాచిపెట్టి చేసేదే మానిప్యులేషన్ అన్నది ఒక వాదన. వినడానికి బాగుంది గానీ, "నీకోసం నేను ఇంత చేస్తే..." అని మొదలుపెట్టేవాడు ఏం చేస్తున్నాడో వినేవాడికి తెలుసు. తెలిసినా అది పనిచేస్తుంది. బుద్ధిని పక్కకు నెట్టి మనసును లాగేదే మానిప్యులేషన్ అన్నది రెండో వాదన. అలాగైతే మంచి పాట విని దానం చేసినవాడినీ ఎవరో ఆడించారనాలి. ఎదుటివాడు తప్పుగా ఆలోచించాలని, తప్పుగా అనుభూతి చెందాలని కోరుకుని చేసేదే మానిప్యులేషన్ అన్నది మూడోది. మూడింటిలో నాకు ఇదే కాస్త నిలబడేదిగా కనిపిస్తుంది. దీని ఇబ్బంది దీనికీ ఉంది: ఆడించేవాడి మనసులో ఏముందో మనం చూడలేం. తనకే తెలియకుండా అలవాటుగా చేసేవాళ్లూ ఉంటారు.

రోజువారీ వాడకానికి ఇంకో పరీక్ష ఉంది. చేస్తున్నది పైకి చెప్పేస్తే పని జరుగుతుందా? "ఇప్పుడు నీలో తప్పు చేశానన్న భావం కలిగించి సరే అనిపించుకుంటాను" అని ప్రకటిస్తే ఎవరూ సరే అనరు. "ఈ లెక్క చూపించి నిన్ను ఒప్పిస్తాను" అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చక్కని పరీక్షే, కానీ దీనికీ ఒక చిల్లు ఉంది. ఫారంలో ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని చాలామంది మార్చరు, అలాగే వదిలేస్తారు. చివరి దశ వైద్యంలో తమకేం కావాలో ముందుగా రాసిచ్చే పత్రాలతో చేసిన ఒక ప్రయోగం 2015లో వచ్చింది. "ఈ గడిలో ముందే టిక్కు పెట్టాం, మీ మీద దాని ప్రభావం ఉండొచ్చు" అని చెప్పినా ఆ ప్రభావం పెద్దగా పోలేదు. అంటే తెలియడం ఒక్కటే మందు కాదు.

చిన్నది అడిగి పెద్దది, పెద్దది అడిగి చిన్నది

1966లో జొనాథన్ ఫ్రీడ్‌మన్, స్కాట్ ఫ్రేజర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. "జాగ్రత్తగా బండి నడపండి" అని రాసిన పెద్ద బోర్డును ఇంటి ముందు పాతుకోవడానికి ఒప్పుకుంటారా అని ఇల్లిల్లూ తిరిగి అడిగించారు. బోర్డు చూడ్డానికి అందంగా లేదు, ఇంటి ముందు భాగాన్ని దాదాపు కప్పేసేలా ఉంది. నేరుగా అడిగితే 17 శాతం మంది ఒప్పుకున్నారు. మరో గుంపును రెండు వారాల ముందే, అదే విషయం మీద మూడంగుళాల స్టిక్కర్ లాంటిది అంటించుకోమని అడిగి ఉన్నారు. ఆ గుంపులో పెద్ద బోర్డుకు 76 శాతం మంది సరే అన్నారు.

మధ్యలో మారింది బోర్డు కాదు, ఆ ఇంటివాళ్లకు తమ గురించి ఉన్న అభిప్రాయం. చిన్నదానికి సరే అన్న రోజే "ఇలాంటి వాటికి నేను సహకరిస్తాను" అన్న ముద్ర లోపల పడింది. రెండోసారి కాదంటే అడిగినవాళ్లనే కాదు, ఆ ముద్రనూ కాదన్నట్టే.

1975లో రాబర్ట్ చాల్డినీ బృందం దీన్ని తలకిందులు చేసి చూసింది. రెండేళ్ల పాటు వారానికి రెండు గంటలు బాల నేరస్తులకు సలహాదారుగా పనిచేస్తారా అని కాలేజీ విద్యార్థులను అడిగారు. ఎవరూ ఒప్పుకోలేదు. వెంటనే, "పోనీ, ఒక్కసారి రెండు గంటలు ఆ పిల్లల్ని జూకి తీసుకెళ్తారా?" అన్నారు. సగం మంది సరే అన్నారు. మొదటి ప్రశ్న లేకుండా నేరుగా జూ సంగతే అడిగినప్పుడు ఒప్పుకున్నది 17 శాతమే.

ఒకటి చిన్న నుంచి పెద్దకు, రెండోది పెద్ద నుంచి చిన్నకు. దారులు ఎదురెదురు. అయినా రెండూ పనిచేయడం వింతగా అనిపిస్తుంది. రెండోదానిలో అడిగినవాడు ఒక మెట్టు దిగాడు కాబట్టి మనమూ ఒక మెట్టు దిగాలనిపిస్తుంది. మొదటిదానిలో మన మాటకు మనమే కట్టుబడాలనిపిస్తుంది. రెండు చోట్లా మన చేత సరే అనిపించింది అడిగిన పని మంచిచెడ్డలు కాదు. కాదంటే ఎలా కనిపిస్తామోనన్న సంకోచం. తెలుగులో దానికి పేరుంది: మొహమాటం. దాని మీద మనకున్న మోటు సామెత ఇక్కడ రాయనక్కర్లేదు, అందరికీ తెలిసిందే.

మరో ప్రయోగం ఇంకా చిన్నది. 1978లో ఎలెన్ లాంగర్, ఆమె సహచరులు ఫొటోకాపీ యంత్రం దగ్గర క్యూలో ముందుకు పోనివ్వమని అడిగించి చూశారు. ఐదు పేజీలకు, కారణం ఏమీ చెప్పకుండా అడిగితే 60 శాతం మంది దారిచ్చారు. "తొందరలో ఉన్నాను" అంటే 94 శాతం. "నేను కాపీలు తీసుకోవాలి కాబట్టి" అని కారణమే కాని కారణం చెప్పినా 93 శాతం. ఇంతవరకే చాలాచోట్ల రాస్తారు. మిగతా సగం ఇంకా ముఖ్యం. ఇరవై పేజీలైతే ఆ బూటకపు కారణం పనిచేయలేదు. కారణం లేనప్పటిలాగే 24 శాతం, నిజమైన కారణానికి 42 శాతం. చిన్న కోరికైతే కారణం ఉన్నట్టు వినిపిస్తే చాలు, పెద్దదైతే ఆ కారణంలో ఏముందో వింటాం. "చిన్న సంతకమే", "రెండే నిమిషాలు", "జస్ట్ ఫార్మాలిటీ" అన్న మాటలు ఎందుకు అన్నిసార్లు వినిపిస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది. కోరిక చిన్నదని నమ్మిస్తే, దాని వెనకున్న కారణాన్ని ఎవరూ తరచి చూడరు.

ఒక సంభాషణ: సాకు ఎలా ఉచ్చవుతుంది

పెద్దనాన్న కొడుకు ఒకడు, చిన్నాన్న కొడుకు ఒకడు. తమ్ముడికి అప్పు కావాలి. అన్న హామీ సంతకం పెట్టాలి. అన్నకు మనసులో ఇష్టం లేదు.

"అన్నా, చిన్న సంతకం. రెండు నిమిషాల పని."

"ఎంతకురా?"

"అదంతా ఫార్మాలిటీ అన్నా. నేను కట్టనా ఏంటి?"

ఇక్కడ అడిగింది అంకె. వచ్చింది అంకె కాదు, ఎదురు ప్రశ్న. ఇప్పుడు మళ్లీ "ఎంత" అంటే తమ్ముణ్ని అనుమానించినట్టు. అన్న వెనక్కి తగ్గి సాకులు వెతుక్కుంటాడు.

"ఈ వారం ఆఫీసులో ఊపిరాడట్లేదురా."

"నువ్వేం రావొద్దు, నేనే కాగితాలు పట్టుకొస్తా."

"గుర్తింపు కార్డులవీ ఎక్కడ పెట్టానో..."

"ఫోన్‌లో ఫొటో ఉంటుంది కదన్నా, అది పంపు చాలు."

"మీ వదినకో మాట చెప్పాలి."

"వదినకి నేను చెబుతాలే. అయినా ఇంట్లో నీ మాట కాదనేదెవరు?"

మూడు సాకులు, మూడింటికీ పరిష్కారం దొరికింది. ఇప్పుడు అన్నకు మిగిలినవి రెండే దారులు: సంతకం పెట్టడం, లేదా ఇంతసేపూ చెప్పినవన్నీ అబద్ధాలని ఒప్పుకోవడం. రెండోది సిగ్గుచేటు కాబట్టి మొదటిదే సులువనిపిస్తుంది. గమనిస్తే ఇందులో తమ్ముడు పెద్దగా అబద్ధమేమీ ఆడలేదు. అన్నను బంధించినవి అన్న సొంత అబద్ధాలే. సమయం లేదన్నాడు, సమయం దొరికింది. కార్డు లేదన్నాడు, కార్డు దొరికింది. అడ్డంకి తొలగితే పెడతానని ప్రతి సాకుతో తనే మాటిచ్చినట్టయింది.

మానిప్యులేషన్‌ను కాచుకోవడం, నిజాయితీ పాటించడం రెండు వేరువేరు పాఠాలని మనం అనుకుంటాం. మొదటిది తెలివి, రెండోది నీతి అని. ఈ సంభాషణలో అవి రెండూ ఒకటే పని. నొప్పించకుండా, తను నొచ్చుకోకుండా తప్పించుకు తిరిగేవాడు ధన్యుడని శతకకారుడు అన్నాడు గానీ, పట్టువదలని వాడి ముందు ఆ తప్పించుకోవడమే పిడి అవుతుంది. పట్టుకుని లాగడానికి సరిగ్గా సరిపోతుంది.

అదే సంభాషణ, సాకు లేకుండా

"అప్పుకి హామీ ఉండటం నాకు ఇష్టం లేదురా. నువ్వు కట్టలేకపోతే నేను కట్టాల్సి వస్తుంది. ఆ బరువు నేను మోయలేను."

ఇందులో పరిష్కరించడానికి ఏమీ లేదు. ఇష్టానికి గుర్తింపు కార్డు అక్కర్లేదు. హామీ సంతకం అంటే చట్టం దృష్టిలో సరిగ్గా అదే కాబట్టి, చెప్పిన కారణమూ నిజమే.

"అంటే నా మీద నమ్మకం లేదా?"

ఎక్కువమంది జారేది ఇక్కడే. నోటికి వచ్చే జవాబు "అబ్బే, అదేం లేదురా, నేనెవరికీ సంతకం పెట్టను" అని. కిందటేడు బావమరిదికి పెట్టి ఉంటే అది అబద్ధం, తమ్ముడికి తెలిసిన అబద్ధం. దాంతో కథ మళ్లీ మొదటికొస్తుంది. నిజంగా అలాంటి నియమం ఉంటేనే ఆ మాట అనాలి. లేకపోతే "నువ్వెలా అనుకున్నా సరే, నాకు ఇష్టం లేదు" అన్నంత వరకే నిజం.

ఆ తర్వాత ఒక మౌనం వస్తుంది. మూడు నాలుగు సెకన్లే గానీ చాలా పొడుగ్గా అనిపిస్తుంది. ఆ మౌనాన్ని నింపడానికి రెండో కారణం చేర్చామో, మొదటిది పలచబడుతుంది. అవతలివాడు రెండింటిలో బలహీనమైనదాన్ని పట్టుకుంటాడు. బేరం ఆడేవాళ్లకు, పిల్లలకు ఈ సంగతి పుట్టుకతోనే తెలుసు. అరిగిన రికార్డులా అదే వాక్యాన్ని అదే గొంతుతో చెప్పడమనే పద్ధతి ఇందుకే పుట్టింది. గొంతు పెంచితే గొడవ కొత్త విషయమైపోయి, క్షమాపణ కింద సంతకం అడిగే వీలు దొరుకుతుంది.

ఇక్కడ ఎదురు వాదన కూడా వినాలి. బంధుత్వాల్లో సాకు అబద్ధం కాదు, మర్యాద అంటారు కొందరు. "ఇష్టం లేదు" అని మొహం మీద చెప్పకుండా "వీలు కాదు" అంటే, ఎదుటివాడు అర్థం చేసుకుని తన పరువు తను కాపాడుకుంటాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ తెలియనట్టు ఉంటారు. ఇది నిజమే, చాలాసార్లు ఇది చక్కగానే నడుస్తుంది. కర్ర విరగకుండా పాము చావడమంటే ఇదే. అయితే ఆ ఏర్పాటు నడవాలంటే ఒక షరతు ఉంది: సాకును సాకుగా గుర్తించి వదిలేసే పెద్దమనిషి అవతల ఉండాలి. మొదటి సాకును అతను పరిష్కరించగానే ఆ ఏర్పాటు రద్దయినట్టు. రెండో సాకు కోసం వెతకడం మొదలైందంటే ఇక మర్యాద పని అయిపోయింది.

తొందర, రహస్యం, ఒంటరితనం

తెలిసినవాళ్ల దగ్గర మొహమాటం పనిచేస్తే, తెలియనివాళ్ల దగ్గర భయం, అధికారం పనిచేస్తాయి. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల్లో, బూడిదరంగు ల్యాబ్ కోటు వేసుకున్న ఒకాయన "కొనసాగించండి" అంటూ ఉంటే, 40 మందిలో 26 మంది ఎదుటి గదిలోని మనిషికి 450 వోల్టుల దాకా షాక్ ఇస్తున్నామనుకుంటూ మీట నొక్కారు. షాకులు నిజమైనవి కావు, అది వాళ్లకు తెలియదు. చాలామంది చెమటలు పట్టి, వణుకుతూ, వద్దంటూనే నొక్కారు. ఈ ప్రయోగాల నడక మీద, నీతి మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి. అయినా అందులో పెద్దగా ప్రచారం కాని ఒక రకం మన విషయానికి అవసరం. పక్కన కూర్చున్న మరో ఇద్దరు మధ్యలో "ఇక మేం చేయం" అని లేచిపోతే, చివరిదాకా వెళ్లినవాళ్లు 40 మందిలో నలుగురే.

1950లలో సాలమన్ ఆష్ గీతల ప్రయోగంలోనూ ఇదే కనిపించింది. చూపించిన గీతకు సమానమైన పొడుగున్న గీత ఏదో చెప్పాలి. గదిలో మిగతా అందరూ కూడబలుక్కుని తప్పు గీతను చూపిస్తుంటే, సుమారు మూడో వంతు సార్లు అసలు మనిషి కూడా తన కళ్లను కాదని ఆ తప్పు జవాబే చెప్పాడు. గదిలో ఒక్కడు సరైన జవాబు చెబితే చాలు, ఆ తప్పులు అంతకుముందున్న వాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి.

ఒక్క తోడు ఇంత పని చేస్తుంది కాబట్టే, ఆ తోడు దొరకకుండా చేయడం ఫోన్ మోసగాళ్ల మొదటి పని. "లైన్ కట్ చేయకండి", "ఈ విషయం ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు", "ఇంకో పది నిమిషాలే టైముంది". మూడు వాక్యాలూ ఒకే పని కోసం: పక్క గదిలో ఉన్న మనిషిని ఒక ప్రశ్న అడిగే అవకాశం లేకుండా చేయడం. నిజమైన అధికారికి మీరు ఫోన్ పెట్టేసి, కార్యాలయం నంబరు మీరే వెతుక్కుని మళ్లీ చేస్తే నష్టమేమీ లేదు. మోసగాడికి అక్కడితో ఆట ముగుస్తుంది. అతనిచ్చిన నంబరుకే తిరిగి చేయడం మాత్రం వృథా. చాలామంది జాగ్రత్తపరులు తప్పు చేసేది ఇక్కడే.

"నన్నెవరూ బుట్టలో వేయలేరు"

ఇదంతా చదివాక ఇకపై గుర్తుపట్టేస్తామనిపిస్తుంది. 2002లో బ్రాడ్ సాగరిన్, చాల్డినీ తదితరులు సరిగ్గా ఈ నమ్మకాన్నే పరీక్షించారు. తప్పుడు నిపుణులను చూపించే ప్రకటనలను గుర్తుపట్టడం విద్యార్థులకు నేర్పారు. పాఠం విన్నంత మాత్రాన పెద్ద రక్షణ రాలేదు, ఎందుకంటే అలాంటివాటికి పడేది ఇతరులేనని ప్రతివాళ్లూ అనుకున్నారు. "మీరే ఇప్పుడు దీనికి పడ్డారు, చూడండి" అని వాళ్ల జవాబునే చూపించినప్పుడు రక్షణ బలపడింది.

ముఖం చూసి అబద్ధం కనిపెడతామన్న ధీమా కూడా అలాంటిదే. దీని మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2006లో లెక్క వేస్తే, మనుషులు నిజాన్ని, అబద్ధాన్ని సరిగ్గా విడదీయగలిగింది సగటున 54 శాతం సార్లు. బొమ్మాబొరుసూ వేస్తే 50. కళ్లలోకి చూడలేదు, తడబడ్డాడు అన్నవి నిజాయితీపరుడి బెరుకుకూ గుర్తులే. మనిషిని చూస్తూ కూర్చోవడం కంటే, చెప్పిన విషయాన్ని సరిచూసుకోవడం తక్కువ శ్రమ.

దీనికి మరో కొస కూడా ఉంది. ఎవరి మాటా విననని పంతం పట్టేవాడిని ఆడించడం ఇంకా తేలిక. "నీవల్ల కాదులే" అంటే చాలు. తన స్వేచ్ఛకు అడ్డొస్తున్నారనిపిస్తే మనిషి దానికి ఎదురు తిరుగుతాడని జాక్ బ్రెమ్ 1966లో సిద్ధాంతీకరించాడు. ఆ ఎదురు తిరగడాన్ని కూడా పిడిలా వాడుకోవచ్చు.

గ్యాస్‌లైటింగ్ గురించి ఒక మాట

1938 నాటి ఒక ఇంగ్లిష్ నాటకం నుంచి వచ్చిన పదం ఇది. భర్త పథకం ప్రకారం భార్యకు తన జ్ఞాపకం మీద, కళ్ల మీద నమ్మకం పోయేలా చేస్తాడు. అర్థం అంతవరకే. "అలా జరిగినట్టు నాకు గుర్తులేదు" అన్న ప్రతివాడూ గ్యాస్‌లైటింగ్ చేస్తున్నట్టు కాదు. ఒకే సంఘటన ఇద్దరికి రెండు రకాలుగా గుర్తుండటం మామూలే. పదే పదే, ఒకే దిశలో, మన జ్ఞాపకం మాత్రమే ఎప్పుడూ తప్పవుతూ ఉంటే అప్పుడు అనుమానించాలి. జరిగిన రోజే తేదీతో రాసిపెట్టుకున్న రెండు వాక్యాలు ఆ అనుమానం తీరుస్తాయి. కొన్నిసార్లు తప్పు మన జ్ఞాపకానిదేనని కూడా అవే తేలుస్తాయి.

నిజాయితీ అంటే ఎంత నిజం

1996లో బెల్లా డిపాలో బృందం మనుషుల చేత రోజూ ఆడిన అబద్ధాలను డైరీలో రాయించింది. విద్యార్థులు సగటున రోజుకు రెండు, బయటి పెద్దవాళ్లు ఒకటి రాశారు. వాటిలో ఎక్కువ భాగం పెద్ద మోసాలు కావు. "చాలా బాగుంది", "ఇప్పుడే బయల్దేరాను" రకం.

వీటిని ఏం చేయాలన్న దాని మీద మన దగ్గరే రెండు గొంతులున్నాయి. ఏ సందర్భాల్లో బొంకవచ్చో, పాపం ఎందుకు అంటదో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి జాబితా చదివాడు: పెళ్లి, ప్రాణం, ధనం, మానం... బలి వినలేదు. కర్ణపర్వంలో కౌశికుడిది దీనికి తిరగేసిన కథ. సత్యవ్రతం పట్టిన ఆ తపస్వి, పారిపోయి దాక్కున్నవాళ్లు ఎటు వెళ్లారో దొంగలకు ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు చచ్చారు, ఆయన నరకానికి పోయాడు. 1797లో జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ అచ్చం ఇలాంటి ప్రశ్నకే, తలుపు తట్టిన హంతకుడికి కూడా అబద్ధం చెప్పే హక్కు లేదని జవాబిచ్చాడు. కౌశికుడి కథ తెలిసినవాళ్లకు ఆ జవాబు మింగుడుపడదు. కాంట్ పక్షం వాళ్ల వాదనా తేలిగ్గా తీసేయదగింది కాదు: ఒకసారి మినహాయింపు ఇస్తే, అది ఎక్కడ ఆగాలో నిర్ణయించేది అబద్ధమాడేవాడే. శుక్రుడి జాబితాలో ప్రాణం పక్కనే పెళ్లి కూర్చోవడం చూస్తే ఆ భయం అర్థమవుతుంది.

వీటికంటే రోజూ తగిలే చిక్కు ఇంకొకటి ఉంది: అక్షరాలా నిజం చెప్పి తప్పు నమ్మించడం. "అశ్వత్థామ హతః" అని గట్టిగా, "కుంజరః" అని మెల్లగా. "ఆ ఫైలు పంపావా?" అంటే "పొద్దున్నుంచీ దాని మీదే ఉన్నాను" అనడం ఇలాంటిదే. ఇలా మాట్లాడేవాళ్లు తాము అబద్ధమాడలేదు కాబట్టి పెద్ద తప్పేమీ లేదనుకుంటారు. బయటపడ్డాక విన్నవాళ్లు మాత్రం దాన్ని అబద్ధం కిందే జమకడతారు. బేరసారాల మీద 2017లో వచ్చిన పరిశోధనలో కూడా ఇదే తేడా కనిపించింది. ధర్మరాజు రథం అంతవరకూ నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచేదనీ, ఆ మాటతో కిందికి దిగిందనీ భారతం చెబుతుంది. కుంజరః అన్నందుకు మినహాయింపు దొరకలేదు.

నిజం చెబితే ఎంత నష్టం

మనం అనుకున్నంత కాదని కొన్ని ప్రయోగాలు సూచిస్తున్నాయి. 2018లో ఎమ్మా లెవీన్, టాయా కోహెన్ కొందరిని మూడు రోజులు ప్రతి మాటలోనూ నిజాయితీగా ఉండమన్నారు. బంధాలు దెబ్బతింటాయని ముందు అందరూ అంచనా వేశారు. ఆచరించినవాళ్లకు ఆ అంచనా కంటే చాలా హాయిగా గడిచింది. మూడు రోజులే అన్నది మర్చిపోకూడదు. ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఏమవుతుందో ఆ ప్రయోగం చెప్పదు.

2019లో 40 దేశాల్లో 17 వేలకు పైగా "పోయిన" పర్సులను కార్యాలయాల కౌంటర్లలో ఇచ్చి చూశారు. డబ్బు లేని పర్సులు 40 శాతం సార్లు, డబ్బున్నవి 51 శాతం సార్లు యజమానికి చేర్చే ప్రయత్నం జరిగింది. డబ్బుంటే కాజేస్తారని అనుకుంటాం. జరిగింది తలకిందులు. దొంగగా కనిపించడం, అదీ తన కళ్లకే, మనిషికి ఖరీదైన వ్యవహారమని పరిశోధకుల వివరణ.

ఈ రంగం గురించి ఇంకో సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. ఫారం చివర కాకుండా మొదట్లోనే సంతకం పెట్టిస్తే మనుషులు ఎక్కువ నిజాయితీగా నింపుతారని 2012లో ఒక ప్రసిద్ధ పరిశోధన వచ్చింది. అందులోని అంకెలు కల్పితమని తేలడంతో 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ మీద పరిశోధనకే ఆ గతి పట్టింది.

కాదన్నాక

మళ్లీ అన్నాతమ్ముళ్ల దగ్గరికి. "ఇష్టం లేదు" అన్నంత మాత్రాన అన్న చేయగలిగింది అయిపోలేదు. నిజంగా చేయగలిగినది ఇంకేమైనా ఉంటే అదీ చెప్పొచ్చు, కచ్చితంగా చేసేది మాత్రమే.

"సంతకం పెట్టను. ఆ అప్పు కాగితాలు తీసుకుని ఆదివారం రా. వడ్డీ ఎంత పడుతోందో, నెలకెంత కట్టాలో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం. తక్కువకు దొరికే దారేదైనా ఉందేమో చూద్దాం."

"సర్లే అన్నా."

తమ్ముడు కాగితాలు తీసుకుని వస్తాడో రాడో ఆదివారం తెలుస్తుంది.